శనివారం ఆఖరి పీరియడు

మా ఊరి బడిలో పిల్లలకు మట్టి గురించి మొదట చెప్పింది నేను. ఎవరూ అడగకపోయినా ఈ మాట ముందుగా చెప్పుకుంటున్నాను. తర్వాత వచ్చిన సైన్సు మేడం పేరే ఇప్పుడు ఊళ్ళో అందరి నోటా వినిపిస్తుంది కాబట్టి, ఎక్కడో ఒకచోట అచ్చులో ఈ వాక్యం ఉండాలని నా కోరిక.

నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి వరకే. మా నాయన గొర్రెల మంద వెంట మడకశిర వైపు పోయిన ఏడు నన్ను ఇంటిపని చూసుకొమ్మన్నారు, అంతటితో ఆగిపోయింది. మిగతా చదువంతా కుందుర్పి లైబ్రరీలో సాగింది. పెళ్ళయి ఈ ఊరికి వచ్చాక జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాను. దారాలకీ హుక్కులకీ కుందుర్పికి పోయినప్పుడల్లా తిరుగు బస్సు కోసం చాలాసేపు కాచుకోవాల్సి వచ్చేది. ఎండలో నిలబడే బదులు లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చోవచ్చని లోపలికి పోయాను. ఏ పుస్తకం మంచిదో ఏది కాదో చెప్పేవాళ్ళు లేరు. అందుకని మొదటి బీరువా పై అర ఎడమ చివర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వచ్చాను. అగ్నిపర్వతాలు, తేనెటీగలు, మూత్రపిండాల జబ్బులు, ఎడారి ప్రయాణాలు, ఇలా ఏది చేతికి వస్తే అది. ఎంచుకుని చదివేవాళ్ళకు ఇన్ని సంగతులు తెలియవని నాకు గర్వం. ఇప్పటికీ ఉంది.

మట్టి పుస్తకాలు అన్నిటికంటే కింది అరలో ఉండేవి. వ్యవసాయం మీద ఎవరో ఎప్పుడో వేసి పంచిన సన్నటి పుస్తకాలు, చెదపురుగు తిన్న అట్టలు. వాటిని తీయాలంటే నేల మీద కూర్చోవాలి. అట్లాగే కూర్చుని చదివాను. గుప్పెడు మంచి మట్టిలో మా ఊరి జనం కంటే ఎక్కువ ప్రాణులు ఉంటాయని, ఎండకు వదిలేసిన నేల చచ్చిపోతుందని, దాన్ని ఆకో అలమో కప్పి ఉంచితే మళ్ళీ బతుకుతుందని అక్కడే తెలుసుకున్నాను. ఎర్రగా, చెక్కలా గట్టిబారిపోయే మా చేను గుర్తొచ్చి ఆ పూట బస్సు పోయినా చూసుకోలేదు.

బడిలో తల్లిదండ్రుల మీటింగు జరిగిన ఒకరోజు ఏదో మాట వచ్చి, వానపాము రైతుకు ఎందుకు మేలు చేస్తుందో నేను గడగడా చెప్పేశాను. హెడ్మాస్టరు సారుది ఈ పక్క ఊరే. ఆయన నవ్వి, "ఏమమ్మా, సదివిందంతా నీ కడుపులోనే పెట్టుకుంటే ఎట్ల? శనివారం పిల్లోళ్ళకు పుస్తకాల సంచి ఉండదు గదా. ఆఖరి పీరియడు వచ్చి నాలుగు మంచి మాటలు సదివి ఇనిపియ్యి," అన్నాడు.

అలా శనివారం ఆఖరి పీరియడు నాదైంది. జీతమేమీ లేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, లైబ్రరీ పుస్తకం చంకలో పెట్టుకుని గదిలో అడుగుపెట్టగానే పిల్లలంతా ఒక్కసారి లేచి నిలబడి "నమస్తే అక్కా" అనేవాళ్ళు. నాకోసం మనుషులు లేచి నిలబడడం నా బతుకులో అంతకుముందు ఎప్పుడూ లేదు. మా ఇంట్లో నేను వస్తే ఎవరూ లేవరు. కుట్టు మిషను ముందు జాకెట్టు కోసం వచ్చిన ఆడవాళ్ళు కూర్చుంటారు, నేను లేస్తాను. వారంలో ఆ ఒక్క గంట కోసం మిగతా రోజులు గడిపేదాన్ని. మా కూతురు కూడా ఆ గదిలోనే రెండో వరసలో ఉండేది, ఆరో తరగతి. అది కూడా "నమస్తే అక్కా" అనే అనేది. ఇంటికొచ్చాక ఇద్దరం దాని గురించి నవ్వుకునేవాళ్ళం.

మరుసటి జూన్‌లో బడి తెరవగానే ఆ మేడం వచ్చింది. గోదావరి పక్క మనిషి. కళ్యాణదుర్గంలో గది తీసుకుని స్కూటీ మీద వచ్చేది. నా కంటే చాలా చిన్నది. దుమ్మంతా మీద పడినా ఆమె చుడీదారు మాసేది కాదు, నాకది ఎలాగో ఇప్పటికీ అర్థం కాలేదు. బళ్ళల్లో ప్రకృతి సేద్యం నేర్పాలని టీచర్లకు ఏదో శిక్షణ ఇచ్చారట, ఆమె అది పూర్తి చేసి వచ్చింది. మొదటి వారమే హెడ్మాస్టరు సారు నన్ను పిలిపించాడు.

"ఆ మేడం ట్రైనింగ్ అయ్యొచ్చినాదమ్మా. బడి యెనకాల మడి ఏపిస్తాదంట. శనివారం ఆఖరి పీరియడు కావల్లంట."

"మల్ల నా సదువు, సార్?"

"నువ్వూ ఉండు. ఇద్దరూ కల్సి సెప్పండి. సదివేదాంట్లో ఏముండాది, ఆమె సేసి సూపిస్తాది, నువ్వు సదివి సూపియ్యి."

ఆయన మనసులో చెడు లేదు. కానీ చేసి చూపించేవాళ్ళు ఉన్నచోట చదివి చూపించేదాన్ని ఎవరు చూస్తారు?

మొదటి శనివారం ఆమె పిల్లల చేత తలా గుప్పెడు మట్టి తమ చేలలోంచి తెప్పించింది. ఖాళీ గాజు సీసాల్లో ఆ మట్టి వేసి, నీళ్ళు పోసి, బాగా కలిపి కిటికీ గట్టు మీద పెట్టించింది. పీరియడు అయ్యేసరికి ఇసుక అడుగున, ఒండ్రు దాని మీద, బంకమన్ను పైన వరసలు కట్టింది. పిల్లలు ముక్కులు సీసాలకు ఆనించి చూశారు. "మా సేన్లో సగం ఇసకే మేడం!" అని ఒకడు, "మాది సూడండి, నల్లగుండాది!" అని ఇంకొకతె. ఇదే సంగతి, ఇదే వరసలో, పోయిన ఏడు నేను వాళ్ళకు చదివి వినిపించాను. ఒక్కరైనా "అక్క అప్పుడే చెప్పింది మేడం" అంటారేమో అని గోడకు ఆనుకుని చాలాసేపు చూశాను. అనలేదు. మా కూతురు కూడా అనలేదు.

ఆ తర్వాత నా పని నీళ్ళబిందె మోయడం. ఎవరూ మోయమనలేదు. ఊరికే నిలబడితే ఇంకా చిన్నతనంగా ఉంటుందని నేనే తీసుకున్నాను. మధ్యమధ్యలో మేడం నా వైపు తిరిగి, "అక్కా, దీని గురించి మీరేమైనా చెప్తారా?" అని అడిగేది. ఆమె అలా అడిగినప్పుడల్లా బిందె నింపే వంకతో పక్కకు పోయేదాన్ని. పొగరుగా ఉండి ఉంటే నాకు సుఖంగా ఉండేది. పొగరున్న మనిషిని తిట్టుకోవచ్చు.

ఆమెలో తప్పులు వెతకడం మొదలుపెట్టాను. దొరికాయి కూడా. వానకు ముందే పొడి దుక్కిలో చల్లడానికి రకరకాల విత్తనాలు కలిపి తెచ్చింది. జొన్న, సజ్జ, కంది, ఆముదం, పెసర, ఉలవ, ఇంకా ఏవేవో. ఒకదాన్ని పైకెత్తి "ఇవి బొబ్బర్లు" అంది. గదంతా ఒక్కటే నవ్వు.

"బొబ్బర్లంట్రా! అలసందలు మేడం!"

"అలాగా? మా వైపు బొబ్బర్లే అంటామండి బాబూ. సరే, ఇకనుంచి అలసందలు," అని బోర్డు మీద రాసుకుంది. నాకు లోపల చల్లగా అయింది. అయితే ఆ రోజు నుంచి పిల్లలు పోటీలు పడి ఆమెకు మాటలు నేర్పడానికి తయారయ్యారు. ఒకడు కలుపు గీరే గుంటక అంటే ఏమిటో చేతులు తిప్పి చూపిస్తాడు, ఇంకొకతె గొర్రుతో ఎట్లా విత్తుతారో నడిచి చూపిస్తుంది. ఆమెకు తెలియకపోవడం కూడా ఆమెకే కలిసొచ్చింది. నాకన్నీ తెలుసని కదా నేను ఆ గదిలోకి వచ్చింది, నాకెవరు ఏం నేర్పుతారు?

విత్తనాలకు బంకమట్టి, బూడిద పట్టించి ఉండలు చేశారు. అలా చేస్తే చీమలు ఎత్తుకుపోవు, వాన ఆలస్యమైనా మంచు తేమకే మొలుస్తాయి. మట్టికి పోసే జీవామృతం కోసం డ్రమ్ము పెట్టారు. పేడ, ఆవు పంచితం, శనగపిండి, బెల్లం కలిపి రోజూ కర్రతో తిప్పాలి. బెల్లం మాత్రం సగమే డ్రమ్ములో పడిందని నాకు తెలుసు. మా కూతురి గౌను జేబుకు చీమలు పట్టాయి.

అన్నిటికంటే నన్ను కోసింది ఇంట్లో జరిగిన మాట. ఒక సాయంత్రం మా ఆయన ముద్ద తింటుంటే కూతురు పక్కన కూర్చుని, "నాయనా, మనం కూడా సేను గట్ల కాడ ఆ ఇత్తనాలన్నీ కలిపి సల్లుదాం. ఉట్టి నేల ఎండకు పెట్టగూడదంట. మా మేడం సెప్పినాది," అంది.

ఆయన ముద్ద నమిలి మింగి, "అట్లనా? సరే, రేపు ఒక గట్టుకు సల్లి సూద్దాంలే," అన్నాడు.

నేను చట్టిలో గరిటె ఆపి నిలబడ్డాను. "ఇదే మాట నేను సెప్తే ఏమన్నావు నువ్వు?"

"నువ్వెప్పుడు సెప్పినావే?"

"సెప్పలేదా? ఉట్టి నేల సచ్చిపోతాదని, కప్పి పెట్టుకోవల్లని సెప్పలేదా? పుస్తకంలో సేద్యం సేస్తే కడుపు నిండదు అంటివి గదా."

ఆయన ఆలోచించాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, అది నేను ముఖంలో చూశాను. "ఏమోనబ్బా," అన్నాడు. "నువ్వు శానా సెప్తాంటావు. యాదని గుర్తుపెట్టుకునేది?"

కూతురు నవ్వింది. ఆయనా నవ్వాడు. చారు పోశాను గానీ నేను ఆ పూట తినలేదు. కడుపు నిండా మంటే ఉంది.

జులై వచ్చింది. వాన రాలేదు, గాలి మాత్రం వచ్చింది. మా దగ్గర ఆ నెలలో గాలి ఎట్లా ఉంటుందంటే, ఆరేసిన చీర పక్క ఊళ్ళో దొరుకుతుంది. మడిలో మొలకలు అక్కడక్కడా లేచాయి. పైమన్ను ఎగిరిపోయి వేళ్ళు బయటపడుతున్నాయి. ఒక శుక్రవారం సైన్సు క్లాసులో మేడం పిల్లలతో, "రేపు వచ్చేటప్పుడు ఇంటి దగ్గర ఎండుగడ్డో, ఎండిన చెత్తో ఏదుంటే అది తలా ఒక చంకెడు తీసుకురండి, మట్టికి దుప్పటి కప్పుదాం," అని చెప్పిందట. నేను అప్పుడు అక్కడ లేను. తర్వాత కూతురు చెప్పగా తెలిసింది.

శనివారం ఆఖరి పీరియడుకు నేను పోయేసరికి మడి అంతా కప్పేసి ఉంది. దగ్గరికి పోయి చూశాను. అది చెత్త కాదు. ఆకు రాలని, మేత వాసన ఇంకా పోని వేరుశనగ కట్టె.

ఈ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మా దగ్గర వేరుశనగ పీకి కాయలు కోసుకున్నాక మిగిలే కట్టెను వామి వేసి పెట్టుకుంటాం. పండిన ఏడు కాయ అమ్ముకుంటాం, పండని ఏడు కట్టెతో పశువులను కాపాడుకుంటాం. వామిలోంచి కట్టె దూసేది ఇంటి ఆడమనిషి ఒక్కతే. ఏ పూటకు ఎంత తీయాలో ఆమె చేతికి తెలుసు. మగవాడు కూడా ఆమెను అడగకుండా చేయి పెట్టడు. చుట్టం వస్తే అన్నం పెడతాం గానీ, పక్కింటివాళ్ళు మోపు కట్టె అడిగితే ఆలోచిస్తాం. జులైలో, వాన రాకముందు, ఆ వామి అడుగుకు వచ్చి ఉంటుంది. పిల్లలు పోయి అందులోంచి చంకల నిండా దూసుకొచ్చారు. వాళ్ళ దృష్టిలో అది ఎండుగడ్డే కదా, మేడం అడిగింది కదా.

"మన వామిలోంచి గూడానా?" అని కూతురిని అడిగాను.

"కొంచమే, మా," అంది, మోచేతుల దాకా చేతులు చాపి.

నేను నోరు తెరిచేలోపే గేటు దగ్గర గొంతు వినిపించింది. మా వీధి చివరి ఇంటి ఆవిడ, రెండు ఎద్దులు ఒక ఆవు ఉన్న మనిషి. ఆమె మామూలుగా మాట్లాడినా మూడు వీధులకు వినిపిస్తుంది. వెనక ఇంకా ఏడెనిమిది మంది ఆడవాళ్ళు.

"యాడుండాది ఆ మేడము? నా ఎద్దుల నోటికాడ కూడు తెచ్చి మన్నుకు కప్పుతారా? మన్ను తింటాదా శెనిక్కట్టె?"

మేడం మడిలోంచి లేచి ఎదురొచ్చింది. చేతులకు మట్టి. "ఏమైందమ్మా?"

"ఏమైందా? మా పిల్లోడు వామి బోడి సేసి పెట్టినాడు. సాయంత్రం ఆవుకు ఏం పెట్టల్ల, నీ చుడీదారు పెట్టల్లనా?"

ఆడవాళ్ళు నవ్వారు, కానీ కోపంగానే నవ్వారు. నేను కూడా గోడ పక్కన నిలబడి ఉన్నాను. అబద్ధమెందుకు, నాకు పండగలా ఉంది. ఇప్పుడు ఏడుస్తుంది, లేకపోతే ఇంగ్లీషులో ఏదో చెప్పి తప్పించుకుంటుంది అనుకున్నాను.

మేడం రెండూ చేయలేదు. "ఇది పశువుల మేతని నాకు తెలీదమ్మా. మా వైపు కోతలయ్యాక గడ్డి చాలామంది పొలంలోనే తగలబెట్టేస్తారు. ఇక్కడా అక్కరలేనిదే తెస్తారనుకున్నాను. తప్పు నాది. పిల్లల్ని ఏమీ అనకండి," అంది.



"గడ్డి కాలుస్తారా?" అంది ఒక ముసలామె నెత్తిన చేయి పెట్టుకుని. "మంచి గడ్డినే?"

"అవునమ్మా, వరిగడ్డి."

"మీ ఊర్ల మన్నుగాల! ఆ గడ్డి మాకు ఒక లారీకి ఎత్తి పంపిచ్చేదానికి మీకు చేతులు ల్యావా?"

ఈసారి నవ్వులో కోపం లేదు. మేడం కూడా నవ్వేసి, వంగి, కప్పిన కట్టెను మన్ను దులిపి తీయడం మొదలుపెట్టింది. పిల్లలు చేరారు. ఎవరి కట్టె ఎవరిదో తెలియదు కాబట్టి ఆడవాళ్ళు అక్కడే వాదులాడుకుంటూ మోపులు కట్టారు. మేడం ఆ వీధి చివరి ఆవిడను అడిగింది: "మరి ఈ మట్టికి ఏం కప్పమంటారు? మీరే చెప్పండి."

నా నాలుక చివర ఉంది జవాబు. కింది అరలోని పుస్తకంలో పేర్లతో సహా చదివాను. నోరు తెరిచాను కూడా.

"కానగాకు ల్యా? జిల్లేడు ల్యా?" అంది ఆ ఆవిడ, మోపు నెత్తికెత్తుకుంటూ. "గొడ్డు తినేది గొడ్డుకెయ్యి, గొడ్డు ముట్టనిది మన్నుకెయ్యి. ఇంతేగదమ్మా, దీనికి టైనింగొకటా?"

తెరిచిన నోరు మూసుకున్నాను. పిల్లలు ఆ మాటకు చప్పట్లు కొట్టారు. మేడం కూడా కొట్టింది. తిట్టించుకోవడంలో కూడా ఆమె నాకంటే మెరుగని నాకు ఆ నిమిషంలో తెలిసింది. నేనే అక్కడ ఉండి ఉంటే, తెలియదనే మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. లైబ్రరీలోని పుస్తకాలన్నీ అడ్డం పెట్టుకుని వాదించేదాన్ని, ఆడవాళ్ళు నన్ను గేటు దాకా తరిమేవాళ్ళు.

కానీ గొడవ విని బయటికొచ్చిన హెడ్మాస్టరు సారు భయపడ్డాడు. ఎవరైనా పైకి ఫిర్యాదు రాస్తారేమో అని ఆయన చింత. అందరి ముందూ చేతులెత్తి, "ఇంగ ఈ మడి గొడవ వద్దమ్మా. ఇంతటితో సాలు. వచ్చే శనివారం నుంచి లైబ్రరీ అక్కే ముందర మాదిరి సదివి ఇనిపిస్తాది," అన్నాడు.

"సరే సార్," అంది మేడం. చేతులకున్న మట్టిని ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ లోపలికి పోయింది.

ఆ వారం నేను ఎంత సంతోషంగా ఉన్నానో రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. కుట్టాల్సిన జాకెట్లు పక్కనపెట్టి కుందుర్పికి పోయాను. తేనెటీగల పుస్తకం మళ్ళీ తెచ్చుకున్నాను. తేనెటీగ నాట్యం చేసి పూలు ఎక్కడున్నాయో మిగతా ఈగలకు చెప్పే అధ్యాయం ఉంది, అది చదివితే పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. రెండుసార్లు పైకి చదివి అలవాటు చేసుకున్నాను. ఇస్త్రీ చీర తీశాను.

శనివారం గదిలో అడుగుపెట్టాను. అందరూ లేచి నిలబడ్డారు. "నమస్తే అక్కా." నా ఒళ్ళు పులకరించింది. కూర్చోమన్నాను, చదవడం మొదలుపెట్టాను.

మొదటి పేజీ దాటకముందే వెనక బెంచీ అబ్బాయి చిటికెన వేలు ఎత్తాడు. "అక్కా, ఒకటికి." పొమ్మన్నాను. కాసేపటికి ఇంకొకడు. ఆ తర్వాత ఇద్దరు ఆడపిల్లలు కలిసి. పోయినవాళ్ళు తిరిగి రాలేదు. తేనెటీగ నాట్యం మొదలుపెట్టే చోటికి వచ్చేసరికి ముందు బెంచీలో ముగ్గురు, రెండో వరసలో మా కూతురు మిగిలారు. ఆ ముగ్గురూ కూడా ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని లేచారు. పొమ్మన్నాను.

మా కూతురు వేలెత్తింది.

"యాడికి?"

"ఒకటికి."

"నిజంగానా?"

అది నా ముఖం చూసింది. "కాదు, మా."

"పో," అన్నాను.

అది పరుగెత్తింది. నేను పుస్తకంలో వేలు పెట్టుకుని కిటికీ దగ్గరికి పోయాను. అందరూ మడి దగ్గరే ఉన్నారు. ప్రహరీగోడ అవతల ఎద్దుల ఆవిడ దేని మీదో ఎక్కి నిలబడి, కానుగ కొమ్మలు ఇవతలికి అందిస్తోంది. "పుల్లలు ఇరిసేయండ్రా, ఆకు మాత్రం పరవండి. అట్ల కాదు, మొలక్కు ఊపిరాడనియ్యల్ల!" అని తిడుతోంది. మేడం ఎక్కడా లేదు. మేడం పిలిచి ఉంటే, రెచ్చగొట్టి ఉంటే నాకు కోపం పెట్టుకోవడానికి ఒక చోటు ఉండేది. నేను వచ్చేటప్పుడు చూశాను, ఆమె స్టాఫ్ రూములో తల వంచుకుని పేపర్లు దిద్దుతోంది. ఆ గది కిటికీ ఇటు లేదు, ఆమెకు ఇదంతా తెలియదు కూడా.

నేను బయటికి పోయాను. మొదట చూసినవాడు "రేయ్, అక్కొచ్చె!" అన్నాడు. అంతే, అందరూ చేతుల్లోని ఆకు వీపుల వెనక దాచుకున్నారు. కొందరు గోడకు అతుక్కున్నారు. మా కూతురు వేరే పిల్ల వెనక దాక్కుంది. ఆ బడిలో పిల్లలు ఇన్నాళ్ళూ నన్ను చూసి లేచి నిలబడ్డారు గానీ దాక్కోలేదు. గోడ మీద నుంచి ఎద్దుల ఆవిడ కూడా కొమ్మ పట్టుకుని అట్లాగే ఆగిపోయింది.

"ఏమ్మే, సదువు అయిపాయెనా?" అంది, మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

వారంపాటు కప్పు లేక మొలకల్లో సగం ఎండిపోయాయి. మిగిలినవి వడలి తలలు వాల్చి ఉన్నాయి. అలసందవి రెండేసి ఆకులు, జొన్నవి సన్నటి దారాల్లా. పిల్లలు కప్పిన మేర మాత్రం నేల తడి పట్టి ఉంది, నీళ్ళు పోశారు కాబోలు. నేను ఏమీ అనలేదు. అంటే వాళ్ళు గదిలోకి వస్తారు, అది నాకు తెలుసు. వచ్చి వరసగా కూర్చుంటారు, చివరిదాకా వింటారు, బెల్లు కొట్టగానే లేచి నిలబడతారు కూడా. ఆ నిలబడడం ఎట్లా ఉంటుందో కళ్ళకు కనిపించింది.

హెడ్మాస్టరు సారు గదికి పోయాను.

"సార్, శనివారం ఆ మేడంకే ఇచ్చేయండి."

"ఏమైందమ్మా? ఆడోళ్ళు మల్ల గొడవకొస్తారు."

"ఆ ఆడోళ్ళే గోడ మింద నుంచి ఆకు అందిస్తాండారు. లేసి సూడండి."

ఆయన లేచి కిటికీలోంచి చూశాడు. "ఓరి వీళ్ళ..." అని ఆగి, నా వైపు తిరిగాడు. "సరే. మల్ల నీకు బాధ ల్యా?"

"ఎందుకు ల్యాకుండా ఉంటాది సార్? కడుపు కాలిపోతాంది."

హాస్యానికి అన్నాననుకుని ఆయన గట్టిగా నవ్వాడు. "బుధవారం అన్నాలైనాంక రాకూడదా? ఆ పొద్దు ఖాళీనే," అన్నాడు. చూస్తానన్నాను. "ఆ మేడంకు నువ్వే సెప్పిపో," అన్నాడు.

స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆమె కలం అక్కడే పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా నా పక్కనుంచే మడి వైపు పరుగెత్తింది. నాకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకా మండేది. వెనక పిల్లలు ఆమెను చూసి పెట్టిన కేకలు వినిపించాయి. నన్ను చూసినప్పుడు వాళ్ళెవరూ అట్లా అరవలేదు.

నా సంచి తరగతి గదిలోనే ఉంది. దానికోసం పోయాను. బెంచీలు ఖాళీ. బెల్లుకు ఇంకా టైముంది, అప్పుడే ఇంటికి పోతే మా ఆయన ఎందుకు ముందే వచ్చావని అడుగుతాడు. కుర్చీలో కూర్చుని, వేలు పెట్టుకున్న చోట పుస్తకం తెరిచి, తేనెటీగ నాట్యం నాకోసం చదువుకుందామనుకున్నాను. కిటికీలోంచి ఒక్కొక్కరి గొంతూ తెలిసిపోతోంది. అందులో మా కూతురిదీ ఉంది, అన్నిటికంటే పైన. బెల్లు కొట్టేదాకా నేను ఆ పేజీ తిప్పలేదు.